‘మనోళ్ళు’ రాసిన మాస్టారు

మాస్టారు పోయింది శుక్రవారం. నాకు తెలిసింది ఆదివారం మధ్యాహ్నం. మా చర్చి పెద్దాయన ఫోన్ చేశారు. ముందు నా ఒంట్లో ఎలా ఉందని అడిగారు, తర్వాత ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగారు, ఆ తర్వాత "మాస్టారు ఎల్లిపోనారమ్మా" అన్నారు. ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ఎవరు ఎవరికీ చెప్పకుండా ఎటు పోతున్నారో తెలీని రోజులు కదా. పెద్దాయన మళ్ళీ మొదలుపెట్టారు. "మట్టి కూడా అయిపోనాది. మనోళ్ళనెవుర్నీ రానివ్వలేదు. బండోళ్ళే తీసుకెల్లి పెట్టీసినారు" అన్నారు.

జ్వరం, దగ్గు, నాలుగు రోజులు. ఊళ్ళో జనం ఆక్సిజన్ సిలిండర్లు భుజాన మోసుకుని వీధివీధీ తిరుగుతున్న వారాలవి. ఒకపక్క సైన్యం తిరుగుబాటు, ఒకపక్క కరోనా. మాస్టారి కోసం సిలిండర్ మోసినవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నాం, కానీ మాకు తెలీదు.

ఇది చదివే మీరు విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉంటారు. రంగూన్‌లో ఇంకా తెలుగువాళ్ళు ఉన్నారా అని ఆశ్చర్యపోతారు కూడా. ఉన్నాం. మీ తాతల అన్నదమ్ముల మనవలం. అందులో ఒకాయన మా మాస్టారు. పగలు అహ్లోన్ జెట్టీ ఆఫీసులో గుమాస్తా, కుర్రతనంలో సాయంత్రాలు హోటల్ బ్యాండులో పియానో, ఆదివారం మింగళ తౌంగ్‌న్యున్‌లో మా చర్చిలో పియానో. పెళ్ళి చేసుకోలేదు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే, ఆదివారం బడిలో, కీర్తనల పుస్తకం ముందేసుకుని. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

ఆయన ఒక పాట కట్టారు. పాట అంటే మూడు నిమిషాల పాట కాదు, అయిదు భాగాలు, ముప్పావుగంట. మాటలుండవు. జాజ్. పదిమంది వాయించాలి. పేరు ‘మనోళ్ళు’. అది మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి, పదిమందీ ఒక గదిలో కూర్చుని వాయిస్తే వినాలన్నది ఆయన కోరిక. ఆ ఒక్కసారి రాలేదు. ఆయన పోయాక మాకు పట్టుకున్న బెంగ ఇంకొకటి: అసలు ఆ పాట మిగిలిందా అని.

పాటకి ఆ పేరెందుకో చెప్తాను. ఇక్కడ బస్సులో ఎవరైనా తెలుగులో దగ్గినా సరే, మా పెద్దవాళ్ళు వెనక్కి తిరిగి "మనోళ్ళేనా?" అని అడుగుతారు. తర్వాతే ఊరూ పేరూ. మాస్టారు ఆ అడగడాన్నే పాట చేశారు. మొదటి భాగం దిగినోళ్ళు, అంటే ఓడ దిగి జెట్టీ మీద నిలబడ్డ మా ముత్తాతలు. రెండోది మోసినోళ్ళు, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్ళు. మూడోది నడిసిపోయినోళ్ళు, యుద్ధంలో కాలినడకన ఇండియా పోయినవాళ్ళు. నాలుగోది కలిసిపోయినోళ్ళు, ఇక్కడి వాళ్ళని పెళ్ళాడి పేర్లు మార్చుకున్నవాళ్ళు. అయిదోది ఉండిపోయినోళ్ళు. "అది మనం" అనేవారు, వేరే వివరమేం చెప్పకుండా.

రిహార్సల్ మొదలైన రోజే చర్చిలో గొడవయింది. పదిమందిలో తెలుగువాళ్ళం నలుగురం. డ్రమ్ములు కో ఆంగ్ అనే బర్మా అబ్బాయి, సాక్సాఫోను మేరీ అనే కరెన్ తెగ పిల్ల, మిగతా నలుగురు ఇంకెవరెవరో. పెద్దాయన కళ్ళజోడు ఎత్తి అందర్నీ లెక్కపెట్టి, "మనోళ్ళు అన్నావు, ఇందల మనోళ్ళు నలుగురేగా మాస్టారూ?" అన్నారు. మాస్టారు గొడుగు పియానో మీద పెడుతూ, "ఆళ్ళు వాయిస్తన్నారు కదండీ. ఇంకేటి కావాల?" అన్నారు. పెద్దాయన హాలు కరెంటు బిల్లు గురించి ఏదో గొణిగి వెళ్ళారు.

నా చేతికి బేసు వచ్చిన కథ వేరు. బేసంటే నా ఎత్తుండే ఫిడేలు అనుకోండి, నిలబెట్టి వేళ్ళతో మీటాలి. నేను పొడుగు. చర్చిలో సగంమంది మగవాళ్ళ కన్నా పొడుగు. ఆ ఒక్క అర్హత చూసి ఇచ్చారు. బట్టల ఫ్యాక్టరీలో అరవైమంది మీద సూపర్‌వైజర్ని, నాకు సంగీతం ఏమిటి అని మొరాయించాను. "నువ్వు ఏలు సూపిస్తే మిషన్లు తిరుగుతాయి కదమ్మా. ఇదీ అదే" అన్నారు. అప్పట్నుంచి నన్ను ‘బేసమ్మ’ అని పిలిచేవారు. ఎవరైనా ఇంకొకరు అలా పిలిస్తే ఊరుకునేదాన్ని కాదు.

ఆయన రాసే పద్ధతి విచిత్రం. కాగితం మీద వాద్యం పేరుండదు, మనిషి పేరుంటుంది. ఆ మనిషి ఎలా నడుస్తాడు, ఎలా తుమ్ముతాడు, బేరం ఎలా ఆడతాడు అన్నీ చూసి, అందులోంచి తీసేవారు. ఒకరోజు కో ఆంగ్ గంట ఆలస్యంగా వచ్చాడని నా ధోరణిలో నేను అందుకున్నాను: "ఏటిది, టైమేనా, మడిసివేనా, సిగ్గుండొద్దా?" మాస్టారు జేబులోంచి పెన్సిల్ తీశారు. "మల్లీ తిట్టమ్మా. కొంచెం నిదానంగా" అన్నారు. వారం తర్వాత చూస్తే రెండో భాగం అంతటా బేసు వాయించేది నా తిట్టు! నాలుగు దెబ్బలు, మూడోదాని మీద బరువు. అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. రెండు వారాలు వెళ్ళలేదు.

మూడోవారం ఆయనే వచ్చారు. పొజున్‌డౌంగ్ కాలువ దాటి, రెండు బస్సులు మారి, తాకేటాలో మా గుమ్మం దాకా. లోపలికి రమ్మన్నా రాలేదు. "నీ తిట్టు లేకపోతే ఆ మిల్లులో బస్తా లెగట్లేదమ్మా" అని ఒక్క మాట అని, మంచినీళ్ళు తాగి, వెళ్ళిపోయారు. మర్నాడే పరిగెత్తుకుంటూ పోయాను. మా అమ్మ పోయాక నా నోటికి అంత మర్యాద ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

ఆయన మొండితనం కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం రాసినదాన్నవుతాను. ఎవరి కాగితం వాళ్ళ దగ్గరే ఉండాలి. ఒక్కటే ప్రతి. జిరాక్స్ తీయనిచ్చేవారు కాదు. అన్నీ కలిపిన పుస్తకం ఆయన దగ్గర ఉందేమోనని అందరం అనుకునేవాళ్ళం. అడిగితే, "నాకెందుకు? మనుసులుంటే పాట ఉంటాది. మనుసులు లేకపోతే ఆ కాయితాలు నేనేటి సేసుకుంటాను?" అన్నారు. ఇదేం పిచ్చి అని మొహం మీదే అన్నాను. నవ్వారు. తప్పు వాయించినా ఇలాగే నవ్వేవారు. "తప్పు పోతే పోనీ. పక్కోడు ఎక్కడున్నాడో తెల్సుకోకపోడమే తప్పు" అనేవారు.

తర్వాత ఆ ఫిబ్రవరి వచ్చింది. సైన్యం పగ్గాలు తీసుకుంది, జనం వీధుల్లోకి వచ్చారు, తుపాకులూ వచ్చాయి. ఒకచోట అయిదుగురికి మించి చేరకూడదని ఆర్డరు. ఇంటర్నెట్టు కట్. చర్చికి తాళం. నా బేసూ ఆయన పియానో ఆ తాళం వెనకే. ప్రతి సాయంత్రం ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలు, మూకుళ్ళు కొట్టేవారు, చెడుని తరమడానికి. ఆ చప్పుడు కూడా పాటలో పెడదామని కో ఆంగ్ ఉబలాటపడ్డాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "అది ఊరిది. మనం ఎత్తుకోకూడదు" అన్నారు.

మొదటి నాలుగు భాగాలు ముగ్గురూ నలుగురూ కలిసి ఎలాగో వాయించవచ్చు. అయిదోదానికి పదిమందీ కావాలి. కో ఆంగ్ ఇంట్లో చాటుగా నలుగురం కలిసిన రోజు నేనే అన్నాను, దాన్ని అయిదుగురికి కుదించమని. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "ఎవుర్ని తీసీమంటావు? నువ్వే సెప్పు." నా నోరు మంచిది కాదని చెప్పాను కదా. "ఆ మేరీని తీసేయండి. నిన్నగాక మొన్న వచ్చింది" అన్నాను. ఆయన కప్పులో టీ సాసర్‌లోకి వంచుకుని, తాగకుండా అలాగే పట్టుకుని కూర్చున్నారు. రెండు వారాలకి మేరీ ఊళ్ళో లేదు. సైన్యం మీద పోరాడటానికి కుర్రాళ్ళు చాలామంది కొండల వైపు వెళ్ళిపోతున్నారు, తనూ వెళ్ళిపోయింది. నేనన్న మాట దాని చెవిన పడలేదు, అది వెళ్ళిందీ అందువల్ల కాదు. అయినా ఆ మాట నన్ను తింటూనే ఉంది.

అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. ఆయనకి మొబైల్ లేదు. ఎక్కడినుంచి చేసేవారో నాకు తెలీదు, వెనక ఎవరో బేరాలాడుతున్న చప్పుడు వినిపించేది. ప్రతి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి. "బేసమ్మా, నోటితో అను. పక్కోళ్ళది నేను పాడతాను" అనేవారు. ఫోన్ స్పీకరులో పెట్టి దిండు మీద ఉంచి, నేను దుమ్ దుమ్ అంటూ నా తిట్టు పాడేదాన్ని. ఆయన మేరీది పాడేవారు. ఎప్పుడూ మేరీదే. వారం వారం, పూర్తిగా, తప్పొస్తే వెనక్కి వెళ్ళి మరీ. నేనన్న మాటకి శిక్ష వేస్తున్నారనుకున్నాను. కొన్నిసార్లు, పాపం ముసలాయన ఒంటరిగా ఉన్నాడు, కాలక్షేపానికి చేస్తున్నాడు, నేను దయతలచి ఎత్తుతున్నాను అని కూడా అనుకున్నాను. చూశారా నా పొగరు! ఫ్యాక్టరీ మూసేశారు, గుమ్మం దాటి చాలా రోజులైంది, వారానికి ఒక మనిషి గొంతు వింటున్నాను, అదీ ఆయనదే. ఒంటరిగా ఉన్నది ఎవరో నాకు తెలీలేదు.

చివరి మంగళవారం ఫోన్ ఎత్తలేదు.

కారణం ఏమీ లేదు. వీధిలో సైనికులు లేరు, నాకు జ్వరం లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను, ఏమీ చేయబుద్ధి కాలేదు. మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. నాలుగుసార్లు. "అబ్బబ్బ, ఈయనొకడు, పనీపాటా లేదు" అని పైకే అన్నాను. వచ్చేవారం మాట్లాడొచ్చులే అనుకున్నాను. శుక్రవారం ఆయన పోయారు.

ఆదివారం ఆ కబురు విన్నాక ఏడుపు రాలేదు. ఫోన్ తీసి, ఆ నాలుగు మిస్డ్ కాల్స్ చూసుకుంటూ కూర్చున్నాను. మర్నాడూ అదే పని. మంగళవారం రెండింటికి, నా బుద్ధి తక్కువ కాకపోతే, ఫోన్ పక్కనే కూర్చున్నాను.

కాస్త రాకపోకలు సాగాక, ఆయన గది ఖాళీ చెయ్యమని ఇంటివాళ్ళు కబురుపెట్టారు. నేనూ కో ఆంగ్ వెళ్ళాం, మాస్కులు కట్టుకుని, చెరొక దారిన. మూడో అంతస్తు. ఇన్నేళ్ళలో ఆయన గదికి నేను వెళ్ళడం అదే మొదలు. నాలుగు లుంగీలు, కాలరు చిరిగిన తెల్లచొక్కాలు, ఒక బైబిలు, గీతలు గీసిపెట్టుకున్న ఖాళీ పుస్తకాలు. పరుపు ఎత్తి చూశాం, ట్రంకుపెట్టె అడుగున చూశాం. రాసిన కాగితం ఒక్కటి లేదు. కో ఆంగ్ నేలమీద కూలబడ్డాడు. "అక్కా, మేరీ కాగితం మేరీతో పోయింది. ఇంక ఇది ఎవ్వరూ వాయించలేరు" అన్నాడు. నేను ఆయన్ని తిట్టాను. చచ్చిపోయిన మనిషిని, ఆయన గదిలోనే నిలబడి, నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూండగా ఏడుపొచ్చింది.

నా తిట్టు వింటూ కో ఆంగ్ నావంక వింతగా చూశాడు. వేళ్ళతో ట్రంకుపెట్టె మీద కొడుతూ పాడటం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు, మూడోదాని మీద బరువు. రెండో భాగంతో ఆగలేదు, అయిదో భాగం చివరిదాకా వెళ్ళాడు. నా కాగితంలో ఉన్నదంతా, ఒక్క పొల్లు పోకుండా.

"నీకెలా వచ్చు?"

"బుధవారాలు ఫోన్ చేసేవారు కదా. నేను బల్లమీద కొట్టుకుంటూంటే ఆయన మీ బేసే పాడేవారు. ఎప్పుడూ మీదే. విసుగొచ్చేది కూడా."

మాస్టారు నాకు చెప్పలేదే అన్నాను. నాకూ చెప్పలేదు అన్నాడు. నాకొక్కడికే చేస్తున్నారనుకున్నాను అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. గబగబా మెట్లు దిగాం. కింద కిళ్ళీ కొట్టులో బల్లమీద ఫోన్ ఉంది. కొట్టు నడిపేది డా ఖిన్, అరవై దాటిన బర్మా ఆవిడ; ‘డా’ అంటే మన ‘గారు’ లాంటిది. ఆవిడ ఏమీ అడగకుండా ఫోన్ మా వైపు జరిపింది. మిగిలినవాళ్ళందరికీ ఒక్కొక్కరికే చేశాం. ఒకరికి గురువారం, ఒకరికి శనివారం పొద్దున్న. ట్రంపెట్ వాయించే అతనికి కో ఆంగ్ డ్రమ్ములు వచ్చు, నోటితో. క్లారినెట్ ఆయనకి ట్రంపెట్ వచ్చు. ఒకరిది ఒకరి దగ్గర దాచిపెట్టి వెళ్ళారు మాస్టారు, వాళ్ళకి కూడా తెలీకుండా. ఎవరు ఎప్పుడు పోతారో, ఎవరి కాగితం ఎవరితో పోతుందో తెలీదని. కొండలెక్కిన పిల్ల పాట, ఆ పిల్లని తీసేయమన్న నా దగ్గర దాచారు. వారం వారం నాకు వేసిన శిక్ష అది కాదు. అప్పగింత.

తొమ్మిదీ దొరికాయి. కో ఆంగ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ, "పియానో?" అన్నాడు.

మాస్టారు తన పియానో భాగం ఎవరికీ పాడలేదు. అందర్నీ మళ్ళీ అడిగాం. లేదు. కొట్టు ముందున్న ప్లాస్టిక్ ముక్కాలి పీట మీద కూర్చున్నాను.

డా ఖిన్ తమలపాకులు తుడుస్తూ నన్నే చూస్తోంది. "మంగళవారం ఆవిడ నువ్వేనా?" అని బర్మా భాషలో అడిగింది. అవునన్నాను.

"ఆయనకి కళ్ళు సరిగా ఆనవు. నంబర్లన్నీ నేనే నొక్కేదాన్ని. ఇక్కడే నిలబడి అందరికీ పాడేవాడు. నా కొట్టుకొచ్చే వాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆఖరి మంగళవారం దగ్గుతూనే వచ్చాడు. ఈవేళ ఆమెకి నాది ఇవ్వాలి, అన్నాడు. నువ్వు ఎత్తలేదు."

"అవును" అన్నాను.

"మోగుతూంటే చెవి దగ్గర పెట్టుకుని పాడటం మొదలెట్టాడు. ఎత్తలేదు కదా, ఎవరికి పాడుతున్నారు అన్నాను. మోగుతోంది కదా, ఆమె అక్కడే ఉంది, అన్నాడు. ఆగిపోతే మళ్ళీ నొక్కమనేవాడు."

నేను మంచం మీద పడుకుని ఆ మోతని తిట్టుకుంటున్నప్పుడు, అవతల ఆయన పాడుతున్నారు. అది అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"మీకు గుర్తుందా?" అని కో ఆంగ్ ఆవిణ్ణి అడిగాడు.

"నాకు పాటలు రావు, నాయనా. విన్నది చెప్తాను" అంది డా ఖిన్. వేళ్ళకంటిన సున్నం గుడ్డకి తుడుచుకుంది. మాస్టారు నిలబడేచోట, కొట్టు బయటికి వచ్చి నిలబడింది. కళ్ళు మూసుకుని పాడింది, ముక్కుతో, బొంగురుగా, మధ్యలో ఆయనలాగే ఒకసారి దగ్గి. నేను సంచీలోంచి కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు వరసలు రాశానో లేదో, ఠక్కున ఆగిపోయింది. మరిచిపోయిందేమోనని తలెత్తాను. కళ్ళు తెరవలేదు. కుడిచేతి వేలు బల్ల అంచున ఆనించి, నెమ్మదిగా ఒక్కొక్క అంకె నొక్కుతోంది. నా నంబరు, ఆ మంగళవారంలాగే. చివరి అంకె నొక్కాక ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, ఆపినచోటు నుంచి మళ్ళీ అందుకుంది.